సగం కాలిన కొరివి

చిట్టీ, బన్నీ,

మొన్న ఆదివారం ఫోన్‌లో చిట్టి ఒకటి అడిగింది. జ్యూస్ డబ్బా మీద యాంటీ ఆక్సిడెంట్లు దండిగా ఉన్నాయని రాశారట. "తాతయ్యా, ఆక్సిజన్ లేకపోతే చచ్చిపోతాం కదా, మరి దానికి ఎదురు పనిచేసేది తాగమంటారేంటి?" అంది. నేను సిగ్నల్ పోయిందని ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ పోలేదమ్మా, జవాబే తెలియలేదు. నాలుగు పుస్తకాలు తిరగేసి, పక్కవీధి డాక్టరుగారిని విసిగించి ఇప్పుడు రాస్తున్నాను.

మీరు గ్యాస్ స్టవ్ పిల్లలు. నా చిన్నప్పుడు మా వంటిల్లు తాటాకు పాక. అందులో కట్టెల పొయ్యి. సరుగుడు కట్టె చిటపటమన్నప్పుడల్లా రవ్వలు ఎగిరేవి. పైన ఎండిన తాటాకు! అందుకే మా అమ్మ పొయ్యి పక్కన ఎప్పుడూ బిందెడు నీళ్లు, తడిపిన గోనెపట్టా పెట్టుకునేది. రవ్వ పడిన చోట పట్టాతో ఒక్క అద్దు అద్ది, మళ్లీ పప్పు కలుపుకునేది. దాని కోసం వంట ఆపిన రోజు లేదు.

మన ఒంట్లో కణాల్లోనూ ఇలాంటి పొయ్యిలున్నాయి. పేరు మైటోకాండ్రియా. గుండె కణంలో అయితే ఒక్కోదానిలో వేలకొద్దీ ఉంటాయి. ఎర్ర రక్తకణాల్లో మాత్రం ఒక్కటీ లేదు. ఊరందరికీ ఆక్సిజన్ మోసేవి అవే, తాము మాత్రం ముట్టవు. పెళ్లిలో వడ్డించేవాళ్లు గుర్తొచ్చారు నాకు. మీరు తిన్న అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఈ పొయ్యిలో మెట్టుమెట్టుగా దిగుతాయి. ఆఖరి మెట్టు దగ్గర ఆక్సిజన్ కాచుకుని ఉంటుంది. అది నాలుగు ఎలక్ట్రాన్లు అందుకుని నీరైపోతుంది. ఆ దిగే ఊపులో పుట్టిన శక్తిని కణం ఏటీపీ అనే చిల్లరగా మార్చుకుని ఖర్చు పెట్టుకుంటుంది. ఈ ఏటీపీని 1929లో అమెరికాలోని హార్వర్డ్‌లో కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ అనే ఆయన కూడా విడిగా కనిపెట్టాడు. మీ స్కూల్లో ఈ సంగతి చెప్పారో లేదో!

ఇక అసలు విషయం. మెట్లు దిగుతూ ఏదో ఒక ఎలక్ట్రాన్ మధ్యలో జారి, దొరికిన ఆక్సిజన్‌కి అంటుకుంటుంది. నాలుగు అందాల్సిన చోట ఒక్కటే అందింది. అంటే ఆక్సిజన్ సగం కాలిన కొరివిలా బయటపడిందన్నమాట. దీన్ని సూపరాక్సైడ్ అంటారు. ఇదీ, దీన్నుంచి పుట్టేవీ కలిసి కణంలోని కొవ్వునీ ప్రోటీన్లనీ కాల్చగలవు. పొయ్యి పక్కనే ఒక పుస్తకం కూడా ఉంది. మా అమ్మ పాల పద్దు పుస్తకం పొయ్యి పక్క గూట్లో ఉండి అంచులు కమిలిపోయినట్టు, మైటోకాండ్రియాకి తన సొంత డీఎన్ఏ ఉంది, 37 జన్యువులతో. రవ్వ పడితే దానికీ దెబ్బే. ఆ పుస్తకం మీకు అమ్మ దగ్గర్నుంచే వచ్చింది, నాన్న దగ్గర్నుంచి కాదు. చిట్టి దాన్ని తన పిల్లలకు ఇవ్వగలదు, బన్నీ ఇవ్వలేడు. వాడు అలిగితే నేనేం చేయలేను.

మరి తడి గోనెపట్టా? అదీ ఉంది. ఇలా రవ్వలు ఆర్పేవాటినే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు చిట్టీ, అవి ఎదురు పనిచేసేది ఆక్సిజన్‌కి కాదు, ఈ కొరివికి. ఎస్‌ఓడీ అనే ఎంజైమ్ కొరివిని పట్టుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ తర్వాత కేటలేజ్ లాంటివి దాన్ని నీరు చేసేస్తాయి. ఎస్‌ఓడీ చేసే పని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు కనిపెట్టేదాకా, రక్తంలో ఆ ప్రోటీన్‌ని చూస్తూ కూడా అదెందుకుందో ఎవరికీ తెలియదు.

నా పోలిక కాస్త కుంటుతోందని తెలుసు. ఒంట్లో మంటేమీ లేదు, అంతా ఒంటి వేడిలోనే జరిగిపోతుంది. అయినా నేను పొయ్యిని వదలను, ఎందుకంటే నా కనుబొమల కథ చెప్పాలి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. అమ్మ నూతికి వెళ్లింది. పొయ్యి మండటం లేదని ఉన్న చిదుగులన్నీ కుక్కాను. పొయ్యికి గాలాడక పొగ కమ్మేసింది. ఊదుగొట్టం తీసుకుని బలంగా ఊదాను. భగ్గుమంది! కనుబొమలు రెండూ పోయాయి. వారం రోజులు బడికి తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్లాను.

గుండెపోటులో జరిగేది ఇంచుమించు ఇదే. రక్తనాళం మూసుకుపోతే అక్కడి పొయ్యిలకు గాలి ఆడదు. ఆ కాసేపట్లో సక్సినేట్ అనే ఇంధనం కుక్కిన చిదుగుల్లా పేరుకుంటుందని 2014లో జంతువుల్లో చూశారు. డాక్టర్లు నాళం తెరవగానే ఆక్సిజన్ ఒక్కసారి తోసుకొచ్చి రవ్వలు భగ్గుమంటాయి. అలాగని తెరవకుండా ఉండలేరు, తెరవకపోతే గుండె కండే చచ్చిపోతుంది. ఆకలి లేకపోయినా తింటూ, కదలకుండా కూర్చున్నా పొయ్యి ఉక్కిరిబిక్కిరై రవ్వలు పెరుగుతాయి. బన్నీ, రాత్రి పది గంటలకు చిప్స్ ప్యాకెట్ విప్పేటప్పుడు తాతయ్య కనుబొమలు గుర్తు తెచ్చుకో.

అయితే రవ్వలన్నీ చెడ్డవా? ఇక్కడే జ్యూస్ డబ్బావాళ్లు తొందరపడ్డారు. రవ్వల తీరు చూసే అమ్మకు కట్టె తడిదో పొడిదో తెలిసేది. కణానికీ అంతే, కాసిని రవ్వలు కబురు మోస్తాయి. జర్మనీలో కుర్రాళ్ల చేత నాలుగు వారాలు కసరత్తు చేయించి, కొందరికి యాంటీ ఆక్సిడెంట్లయిన విటమిన్ సి, ఇ మాత్రలు కూడా ఇచ్చారు. మాత్రలు మింగనివాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మునుపటికన్నా బాగా పనిచేసింది. మింగినవాళ్లకు ఆ లాభం రాలేదు. కసరత్తులో లేచిన రవ్వలే "గోనెపట్టాలు పెంచండి" అని కణానికి చెప్పాలి, మాత్రలు ఆ కబురే చెరిపేశాయి. ఇది 2009లో అచ్చయింది. ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగేవాళ్ల మీద బీటా కెరోటిన్ అనే మరో యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు పరీక్షించారు. అవి మింగినవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది. పొయ్యి రవ్వలు రువ్వుతోందని బిందెడు నీళ్లూ పొయ్యిలోనే కుమ్మరిస్తే అన్నం ఎలా ఉడుకుతుంది? జామకాయ తినండి, ఆడుకోండి. మాత్రలు మాత్రం డాక్టరు చెబితేనే.

ఈ ఉత్తరం మొత్తం నమ్మక్కర్లేదు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మందుల షాపు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తెప్పించండి. ఒక బంగాళాదుంప పచ్చిది కోసి, కోసిన వైపు నాలుగు చుక్కలు వేయండి. కళ్లకీ బట్టలకీ తగలనివ్వకండి, ముక్కలు తర్వాత పారేయండి. బుసబుసా తెల్లటి నురుగు పొంగుతుంది. అది కేటలేజ్ పని, దుంపకీ తడి గోనెపట్టా ఉందన్నమాట! తర్వాత బాగా ఉడికించి చల్లార్చిన ముక్క మీద అన్నే చుక్కలు వేయండి. ఏమవుతుందో నేను చెప్పను. చూసి ఫోన్ చేయండి, ఈసారి సిగ్నల్ పోదు.

మీ తాతయ్య