గట్టి స్ప్రింగులు కొనే ముందు

వారమంతా ఆఫీసుకు తిప్పే కారునే సెలవు రోజున ట్రాక్ మీదికి తీసుకెళ్లేవాళ్లలో చాలామంది మొదట కొనేది కారును కిందికి దింపే గట్టి స్ప్రింగులు. నేనూ అదే చేశాను. మలుపులో కారు ఒక పక్కకి ఒరుగుతుంటే గుండె జారేది, ఆ ఒరుగుడు తగ్గితే వేగం దానంతటదే వస్తుందనుకున్నాను. వేయించాక కారు చూడముచ్చటగా ఉంది, నున్నటి మలుపుల్లో చురుగ్గా తిరిగింది కూడా, కానీ గతుకులున్న ఒక పొడవాటి మలుపులో మాత్రం ప్రతిసారీ వెనక భాగం ఉన్నట్టుండి పక్కకి జారిపోయేది.

చివరికి విషయం బయటపెట్టింది ఒక చిన్న జిప్ టై. స్ప్రింగు ఊపుని అణచే వెనక షాకర్‌కి ఉండే మెరిసే రాడ్డుకి దాన్ని కాస్త బిగువుగా కట్టి, షాకర్ బాడీకి ఆనించి వదిలేశాను. రాడ్డు లోపలికి దిగినప్పుడల్లా బాడీ ఆ టైని పైకి నెడుతుంది, కారు ఆగాక అది ఎక్కడుందో చూస్తే షాకర్ ఎంతవరకు నొక్కుకుపోయిందో తెలిసిపోతుంది. మూడు ల్యాపుల తర్వాత చూస్తే టై వెళ్లి బంప్ స్టాప్ రబ్బరుకి, అంటే షాకర్ ఇంక దిగకుండా చివర్లో ఆపే ముక్కకి, ఆనుకుని ఉంది. కారును దింపడం వల్ల స్ప్రింగు ఆడాల్సిన జాగా తరిగిపోయింది, గతుకు రాగానే బరువంతా ఆ రబ్బరు ముక్క మీదే పడుతోంది. ఆ క్షణంలో వెనక సస్పెన్షన్ ఒక్కసారిగా బండబారిపోతుంది, బయటి వెనక టైరు మీద లోడు ఎగసిపడుతుంది, టైరు పట్టు వదిలేస్తుంది.

ఒరుగుడు కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరం దాని మీదే పడతాం. కానీ చూడాల్సింది టైరు మీద లోడు. ఒక్కో టైరు రోడ్డును తాకేది ఇంచుమించు అరచేతి అంత జాగాలోనే, బ్రేకు వేసినా మలుపు తిప్పినా అంతా ఆ నాలుగు అరచేతుల మీదే నడవాలి. 1200 కిలోల కారు, గరిమనాభి నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుందాం. 0.9 జి, అంటే భూమ్యాకర్షణలో 0.9 వంతు బలంతో మలుపు తిరిగితే 360 కిలోల లోడు లోపలి టైర్ల నుంచి బయటి టైర్లకు మారిపోతుంది. ఆగి ఉన్నప్పుడు రెండు పక్కలా 600 చొప్పున ఉన్నది కాస్తా 960, 240 అవుతుంది. ఈ లెక్కలో స్ప్రింగు ఊసే లేదు, గమనించండి. బరువు, ఎత్తు, వెడల్పు, ఎంత గట్టిగా తిప్పాం అన్నవే ఉన్నాయి. ఎంత గట్టి స్ప్రింగు వేసినా ఆ 360 కిలోలు దాదాపు అలాగే మారతాయి. స్ప్రింగులతో, యాంటీ రోల్ బార్లతో (ఒరుగుడు తగ్గించడానికి ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీలు) మనం మార్చగలిగేది ఆ లోడులో ముందు టైర్ల వాటా ఎంత, వెనక టైర్ల వాటా ఎంత అన్నదే.

ఆ వాటాకి ఎందుకంత విలువంటే, టైరు మీద లోడు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. ఎక్కువ వాటా మోసే కొసే ముందుగా జారుతుంది. ముందు చక్రాలు లాగే కార్లలో మూతి మలుపులోకి రాకుండా బయటికి తోసుకుపోవడం, అదే అండర్‌స్టీర్, మామూలే కాబట్టి వాటికి కాస్త లావు వెనక బార్ వేస్తే ముందు టైర్ల వాటా తగ్గి బాగా తేడా తెలుస్తుంది. నా దృష్టిలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇదే. అయితే బార్ గట్టిదనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది: 20 మిల్లీమీటర్ల బార్ బదులు అదే ఆకారంలో 22 మిల్లీమీటర్లది వేస్తే 46 శాతం గట్టిపడుతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనుకుని అతిగా వేస్తే, వానలో ఇంటికి వచ్చేటప్పుడు తోక తిరిగిపోవచ్చు.

ఇక షాకర్లు. మామూలు కారు బాడీ స్ప్రింగుల మీద సెకనుకి 1 నుంచి 1.5 సార్లు ఊగుతుంది, ట్రాక్ కోసం బిగించినవి 2 దాకా, కొన్ని అంతకు పైన కూడా వెళ్తాయి. 1.3 నుంచి 2కి వెళ్లాలంటే స్ప్రింగు దాదాపు 2.4 రెట్లు గట్టిగా ఉండాలి, ఆ ఊపుని ఇదివరకటిలాగే అణచాలంటే షాకర్ కూడా సుమారు ఒకటిన్నర రెట్లు గట్టిది కావాలి. కంపెనీ షాకర్ మీద గట్టి స్ప్రింగు వేసినవాళ్ల కారు గతుకు దాటాక కూడా ఊగుతూనే ఉండేది ఇందుకే. షాకర్ మరీ బిగుసుకున్నా ప్రమాదమే, వరస గతుకుల్లో స్ప్రింగు తిరిగి సాగేలోపే ఇంకో గతుకు వచ్చి కారు మెల్లమెల్లగా కిందికి కుంగిపోతుంది. చేతిలో ఉన్న డబ్బు స్ప్రింగులకో షాకర్లకో ఒక్కదానికే సరిపోతే నేను కళ్లు మూసుకుని మంచి షాకర్లే కొనమంటాను.

దింపడం దగ్గర ఇంకో చిక్కుంది. చాలా కార్లకి ముందు ఉండేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకర్ ఒకే నిలువు కాలుగా అమర్చేది), 1950లో వచ్చిన ఫోర్డ్ కాన్సుల్ కాలం నుంచీ వస్తున్న పద్ధతి. ఇలాంటి కారును మరీ దింపితే చక్రాన్ని కారుకి కలిపే కింది ఆర్మ్ చక్రం వైపు పైకి ఎత్తినట్టు అవుతుంది, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గరిమనాభి కన్నా ఎక్కువగా కిందికి జారిపోతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగిందంటే ఒరగడానికి మీటకోల పొడవైనట్టే. గట్టి స్ప్రింగు వల్ల వచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది. పైగా నొక్కుకునేకొద్దీ నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వంగి ఉండటం, పెరగాల్సింది పోయి తగ్గడం మొదలవుతుంది.

నిజానికి వీటన్నిటికన్నా ముందు చూడాల్సినవి టైర్లు, సస్పెన్షన్ కీళ్లలో ఉండే అరిగిన బుష్‌లు, అలైన్‌మెంట్. ల్యాపులు అవగానే టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచుల వేడిని సూది థర్మామీటరుతో కొలవండి. బయటి అంచు బాగా కాలిపోతుంటే క్యాంబర్ చాలడం లేదు, మధ్యలోనే ఎక్కువ వేడుంటే గాలి ఎక్కువైంది. రోజువారీ తిరిగే కారులో టైర్లను త్వరగా తినేసేది ఎక్కువగా తప్పు టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం), కాబట్టి క్యాంబర్ మార్చిన ప్రతిసారీ టో కూడా సరిచేయించాలి. రబ్బరు బుష్‌ల బదులు పాలీయురెథేన్ వేసేవాళ్లు ఒకటి చూసుకోవాలి: ఆర్మ్ ఒకే దిక్కున తిరిగే చోట అవి బాగుంటాయి, రెండు మూడు దిక్కులకి మెలి తిరగాల్సిన చోట బిగుసుకుపోయి సస్పెన్షన్‌ని ఆడనివ్వవు. మీరు పోటీపడే క్లాసు రూల్స్ ఏది మార్చనిస్తాయో కొనకముందే చదువుకోండి.

ఇప్పుడు నా కారు అప్పటికన్నా 15 మిల్లీమీటర్లు ఎత్తులో, కొద్దిపాటి గట్టి స్ప్రింగులతో, వాటికి తగ్గ అడ్జస్టబుల్ షాకర్లతో ఉంది. ట్రాక్ అయిపోయాక వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో ఒకసారి చూసుకుని, ఒక్కో షాకర్ నాబ్‌ని పూర్తిగా బిగించి, అక్కడి నుంచి పుస్తకంలో రాసుకున్నన్ని క్లిక్కులు లెక్కపెడుతూ వెనక్కి తిప్పి, షాకర్లు మెత్తబడ్డాక ఇంటికి బయల్దేరతాను.