లాల్‌బాగ్ బూరుగు చెట్టుకు మోటారు లేదు

పెద్దనాన్న బెంగళూరు వస్తే లాల్‌బాగ్‌కి తీసుకెళ్లాను. మదనపల్లె దగ్గర పల్లెలో యాభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. గాజుమేడ దగ్గర రెండు నిమిషాలు కూడా ఆగలేదు గానీ, ముసలి తెల్లబూరుగు చెట్టు ముందు పావుగంట నిలబడిపోయాడు. మొదలు చుట్టూ గోడల్లా లేచిన వేళ్లు. తల వెనక్కి వాల్చి చూసి, "ఇంత పైకి నీళ్లు ఎట్లా ఎక్కుతాయిరా? మోటారు కూడా లేదే!" అన్నాడు.

నవ్వి ఊరుకునే ప్రశ్న కాదు. ఏ జీవి ఎంతవరకు పెరగగలదో తేలేది ఇలాంటి చిక్కుల దగ్గరే.

ఆయనకు తెలిసిన చిక్కే ఇది. ఎండాకాలం బావిలో నీళ్లు దిగిపోతే, మోటారును తాళ్లు కట్టి ఇంకో వరస కిందికి దించేవాళ్లు. పైన కూర్చుని పీల్చే మోటారు ఎంత పెద్దదైనా 10 మీటర్ల లోతు దాటితే నీళ్లు అందుకోలేదు. గాలి పీడనం నీటిని నెట్టగలిగేది అంతవరకే. చెట్టు వేరే దారి పట్టింది. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటే, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న నీటి అణువులు సన్నటి నాళాల్లో దారంలా పైకి వస్తాయి. చెట్టు ఎత్తయ్యేకొద్దీ ఆ దారం బిగుసుకుంటుంది. మరీ బిగిస్తే తెగి, నాళంలో గాలి బుడగ చేరుతుంది.

కాలిఫోర్నియా రెడ్‌వుడ్‌లలో అన్నిటికంటే ఎత్తైన చెట్టు సుమారు 116 మీటర్లు. ఆ జాతి చెట్ల చిటారు కొమ్మల్లో ఆకులు చాలా చిన్నవి. వేళ్ల దగ్గర నేల తడిగానే ఉన్నా, పైన మాత్రం కరువు. కొన్ని చెట్లను ఎక్కి కొలతలు తీసిన శాస్త్రవేత్తలు, 122 నుంచి 130 మీటర్లు దాటి పెరగడం కష్టమని 2004లో లెక్క కట్టారు.

ఇంతలో పెద్దనాన్న తువ్వాలు మీద పాకుతున్న గండుచీమను గోటితో ఎగరగొట్టాడు. నాలుగడుగుల కింద రాతి మీద పడింది, లేచింది, పోయింది. అంత ఎత్తునుంచి పడ్డా దానికి ఏమీ కాదు. దాని బరువు బహు తక్కువ, ఆ బరువుకు గాలి అడ్డుకునే ఒళ్లు ఎక్కువ. జంతువును అన్ని వైపులా పది రెట్లు పెంచితే బరువు వెయ్యి రెట్లవుతుంది, ఆ బరువు మోసే ఎముక అడ్డకోత వైశాల్యం మాత్రం వంద రెట్లే. ఈ సంగతి గెలీలియో 1638లోనే రాశాడు. ఏనుగు కాళ్లు స్తంభాల్లా ఉండేది అందుకే. సినిమాల్లో చూపించే లారీ అంత చీమకు లేచి నిలబడటమే సాధ్యం కాదు. నిలబడ్డా ఊపిరాడదు. పురుగులకు ఊపిరితిత్తులు లేవు, ఒంటి పక్కన చిల్లులూ వాటి నుంచి లోపలికి గొట్టాలూ, అంతే.

చెరువు గట్టు మీద తూనీగలు తిరుగుతున్నాయి. వాటి దూరపు చుట్టం మెగాన్యూరా సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట రెక్కలు చాపితే 65 సెంటీమీటర్ల పైమాటే. అప్పట్లో గాలిలో ఆక్సిజన్ 30 శాతం దాకా ఉండేదని అంచనా, ఇప్పుడు 21. గాలి చిక్కగా ఉంది కాబట్టి పురుగు పెరిగిందని సులువుగా చెప్పేస్తారు. కానీ సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట ఆక్సిజన్ మళ్లీ పెరుగుతుంటే పురుగులు పెరగలేదు సరికదా, చిన్నవయ్యాయి. అప్పటికి పక్షులు వచ్చేశాయి. పెద్ద తూనీగ చటుక్కున మలుపు తిరగలేదు, ముక్కుకు దొరికిపోతుంది. నాకు ఈ వాదనే ఎక్కువ నచ్చుతుంది.

"అయితే మిగతావన్నీ పోనుపోనూ పెద్దవే అవుతాయా?" అన్నాడు.

చాలాకాలం అలాగే అనుకున్నారు. 5.5 కోట్ల ఏళ్ల కిందటి గుర్రం కుక్కంతే ఉండేది మరి. కానీ ఆ గుర్రాల వంశంలోనే తిరిగి చిన్నబడ్డ శాఖలూ ఉన్నాయి. సిసిలీ దీవిలో ఒకప్పుడు బతికిన ఏనుగు ఎత్తు సుమారు ఒక మీటరు. వేటాడే పెద్ద జంతువుల భయం లేదు, ఉన్న మేత కొంచెమే. తక్కువ తిండితో ఈడేరి పిల్లల్ని కన్నవాటి సంతానమే మిగులుతూ వచ్చింది. అదే దీవిలో ఎలుకల వర్గానికి చెందిన ఒక జంతువు మాత్రం తన జాతివాటికంటే ఎన్నో రెట్లు పెరిగింది.

మీటరు ఏనుగు అనగానే ఆయన కళ్లు మెరిశాయి. "మన పుంగనూరు ఆవంత!" అని నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. నిజమే, దాని ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. కాకపోతే దాన్ని తరతరాలుగా ఎంచుకుని పెంచింది మనుషులు అన్నాను.

"ఎంచుకునేదేముందిరా," అన్నాడు పెద్దనాన్న బెంచీ మీద కూర్చుంటూ. "కరువొచ్చిన యేడు ఒంగోలు జత మేత చాలక పోయింది, సంతకు తోలేసినాం. పుంగనూరుది గట్ల మీద గరిక కొరుక్కుంటా ఉండిపోయింది. మరుసటి యేడు ఈనింది కూడా."