తలుపు తట్టేది సాయమా, సోదానా?

బ్రిటన్ లాంటి దేశాల్లో, చంటిబిడ్డతో సతమతమవుతున్న ఇంటికి వారానికోసారి జీతం తీసుకోని ఒక వాలంటీర్ వస్తుంది. రెండు గంటలు కూర్చుంటుంది. బిడ్డను ఎత్తుకుంటుంది, తల్లి చెప్పేది వింటుంది, టీకా తేదీ గుర్తుచేస్తుంది. ఒక్కోసారి ఏమీ చేయదు. చూడ్డానికి ఇంత చిన్న పని వెనుక నూట అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మొదటి నుంచీ ఒకటే పేచీ: వచ్చిన మనిషి తోడుకొచ్చిందా, తప్పులు పట్టడానికొచ్చిందా?

1862లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్, సాల్ఫర్డ్‌లలో కొందరు కలిగినింటి స్త్రీలు పరిశుభ్రత కోసం ఒక సంఘం పెట్టారు. ముందు కరపత్రాలు పంచి చూశారు. పేదవాడల్లో వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. దాంతో కాయకష్టం చేసుకునే స్త్రీలనే జీతానికి పెట్టుకుని ఇంటింటికీ పంపారు. బ్రిటన్‌లో ఇప్పటి హెల్త్ విజిటర్ల, అంటే ఇంటికొచ్చి తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే నర్సుల, మూలాలు అక్కడే ఉన్నాయంటారు. అమ్మగారు చెబితే వినని మాట, తమలాంటి మనిషి చెబితే చెవికెక్కుతుందని అప్పుడే తెలిసింది. తెలిసీ చాలాకాలం మరిచిపోయారు.

అమెరికాలో 1870ల చివర నుంచి దానధర్మాల సంఘాలు పేదల ఇళ్లకు స్వచ్ఛంద సందర్శకులను పంపేవి. 'భిక్ష కాదు, స్నేహితుడు' అన్నది బోస్టన్ సంఘం నినాదం. మాట బాగానే ఉంది. కానీ ఈ కుటుంబం సాయానికి తగినదేనా అని ఆరా తీసిందీ ఆ సంఘాలే. స్నేహం పేరుతో వచ్చి వంటింట్లోకి తొంగిచూసే మనిషిని ఎవరు నమ్ముతారు?

1962లో అమెరికాలో పిల్లల వైద్యుడు డాక్టర్ హెన్రీ కెంప్, ఆయన సహచరులు దెబ్బలు తిన్న పసిపిల్లల గురించి రాసిన వ్యాసం వైద్యలోకాన్ని కుదిపేసింది. ఇంటి సందర్శనకు అప్పటి నుంచి ఇంకో పని తోడైంది, పిల్లలపై హింస జరగకుండా ముందే ఆపడం. 1976లో ఆయనే ప్రతి కుటుంబానికీ ఒక హెల్త్ విజిటర్ ఉండాలని ప్రతిపాదించాడు. అందరి ఇళ్లకూ వెళ్తే ఎవరికీ నామోషీ ఉండదు కదా.

ఈలోగా 1973లో ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌లో మార్గరెట్ హారిసన్ 'హోమ్-స్టార్ట్' మొదలుపెట్టింది. ఇందులో వాలంటీర్లు చాలావరకు పిల్లల్ని పెంచినవాళ్లే. వెళ్లేది అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి, అదీ ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే. వద్దంటే వెళ్లరు. నా లెక్కలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. రానివ్వాలా వద్దా అన్న నిర్ణయం గడప లోపలి మనిషి చేతికొచ్చింది. రాత్రంతా నిద్రలేని తల్లికి పాఠం చెప్పేవాళ్లకంటే, 'మా పిల్లాడూ ఇంతేనమ్మా' అనే మనిషి ముందు కావాలి.

ఫలితాల మాటకొస్తే కథ కాస్త చిక్కుగా ఉంటుంది. 1970ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో పరిశోధకుడు డేవిడ్ ఓల్డ్స్ 400 మంది గర్భిణులతో ప్రయోగం మొదలుపెట్టాడు. కొందరి ఇళ్లకు నర్సులు వెళ్లారు. ఆ ఇళ్లలో పిల్లలపై హింస, నిర్లక్ష్యం కేసులు మిగతావారితో పోలిస్తే దాదాపు సగమేనని 1997లో తేలింది. తర్వాత అమెరికాలోనే డెన్వర్‌లో నర్సులను, నర్సింగ్ చదవకుండా ఈ పనికి శిక్షణ మాత్రం పొందినవాళ్లను పోల్చి చూశారు. 2002లో వచ్చిన ఫలితాల్లో రెండోవారి ప్రభావం చాలా అంశాల్లో నర్సుల ప్రభావంలో సగం దాకానే ఉంది. అయితే వాళ్లు జీతం తీసుకునేవాళ్లు, వాలంటీర్లు కారు. ఈ తేడా చూడకుండా వాలంటీర్లు దండగ అనేస్తే ఎలా?

ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో అనుభవమున్న తల్లులే తొలిచూలు తల్లుల ఇళ్లకు స్వచ్ఛందంగా వెళ్లారు. 262 మంది తల్లులతో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 1993లో వచ్చాయి. ఆ ఇళ్లలో టీకాలు పూర్తిగా పడిన పిల్లలు, రోజూ కథల పుస్తకాలు చదివి వినిపించుకునే పిల్లలు ఎక్కువ. తల్లుల్లో అలసట, దిగులు తక్కువ. మరోవైపు, ఉత్తర ఐర్లాండ్, ఆగ్నేయ ఇంగ్లండ్‌లలో హోమ్-స్టార్ట్‌పై 2004లో వచ్చిన అధ్యయనంలో సాయం అందిన తల్లులూ అందనివాళ్లూ దాదాపు ఒకేలా కుదుటపడ్డారు. కానీ సాయం అందుకున్న తల్లులు మాత్రం దానికి ఎంతో విలువిచ్చారు.

పాత పేచీ మాత్రం పూర్తిగా తీరలేదు. బిడ్డకు ప్రమాదం ఉందనిపిస్తే వాలంటీర్ తన సంస్థకు చెప్పి తీరాలి. ఆ సంగతి దాచకుండా మొదట్లోనే తల్లితో చెప్పాలి. అది విన్నాక కూడా వచ్చేవారం రమ్మనాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం.