తొలకరి కోసం ఎదురుచూసే నాటకం: సెన్సరీ థియేటర్ గురించి అపోహలు - వాస్తవాలు

మా బృందంలో నలుగురం. ఒక్కో ప్రదర్శనకు ప్రేక్షకులు ఆరుగురికి మించరు. ఆ ఆరుగురూ తీవ్రమైన బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు, యువతీ యువకులు. కొందరికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో ఉండని స్థితి), దానికి తోడు చూపు సమస్య. కొందరికి తరచూ ఫిట్స్ వస్తాయి. కొందరికి ఆహారం గొట్టం ద్వారానే వెళుతుంది. చాలామందికి మాట లేదు. వాసన, స్పర్శ, అదురు, గాలి, వెలుగు, పాట వీటితో వాళ్లకు కథ చెప్పే పద్ధతే సెన్సరీ థియేటర్. ఏ స్పెషల్ స్కూలుకు వెళ్లినా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. పిల్లలను ప్రాణంగా చూసుకునేవాళ్ల నోటి నుంచి కూడా వస్తాయి. అందుకే వాటికి ఓపిగ్గా జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: వాళ్లకు కథ అర్థం కాదు. నాటకం ఎందుకు?

కథ అర్థం కావాలంటే మాటలు అర్థం కావాల్సిందేనని అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. మేము ఆడే నాటకాల్లో ఒకటి తొలకరి గురించి. రోహిణి కార్తె ఎండలో ఒక అవ్వ వాన కోసం చూస్తూ ఉంటుంది. మబ్బు వస్తుంది, కురవకుండానే వెళ్లిపోతుంది. మళ్లీ వస్తుంది, ఈసారి కురుస్తుంది. అంతే కథ. ఎండ అంటే వెచ్చబరచిన నూలు తువ్వాలు చేతుల మీద పరచడం, తాటాకు విసనకర్రతో మెల్లగా విసరడం. మబ్బు అంటే ముదురు నీలం చీర తలల మీదుగా జరుగుతూ ముఖాల మీద నీడ వేయడం. ఉరుము కోసం డప్పును వీల్‌చైర్ ట్రేకు ఆనించి వేలికొసలతో మోగిస్తాం. ఆ అదురు మోచేతుల దాకా పాకుతుంది. వాన వాసనకు కొత్త మట్టి మూకుడులో పొడి మన్ను పోసి, వాళ్ల ఎదుటే నీళ్లు చిలకరిస్తాం.

ఒక బడిలో 16 ఏళ్ల అమ్మాయి ఉంది. తల ఎప్పుడూ ఎడమకు వాలి ఉంటుంది, పిడికిళ్లు బిగిసి ఉంటాయి. ‘ఈమె దేనికీ స్పందించదండీ, మిగతా పిల్లల మీద దృష్టి పెట్టండి’ అని ముందే చెప్పారు. మా అవ్వ పాత్రధారి మూకుడు తీసుకుని ఆమె ఎడమ పక్కన కింద కూర్చుంది. నీళ్లు చిలకరించి ఊరుకుంది. పది సెకన్లు గడిచాయి, పదిహేను గడిచాయి. ఏమీ లేదు. ఇరవై దాటాక ఆ అమ్మాయి ఊపిరి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముక్కుతో పొడుగ్గా గాలి పీల్చుకుంది. పిడికిలి లోపల మడిచి ఉన్న బొటనవేలు బయటికి వచ్చింది. మూకుడు కొంచెం దూరం జరిపి మళ్లీ ఆగాం. తల నువ్వుగింజంత కదిలింది, మూకుడు ఉన్న వైపుకే. అప్పుడే మూకుడు తిరిగి దగ్గరకు వచ్చింది. ఆ రోజు మబ్బు ఎప్పుడు తిరిగి రావాలో ఆమే నిర్ణయించింది.

వాసన మెదడుకు చేరాలి, అదేమిటో మెదడు పోల్చుకోవాలి, శరీరాన్ని కదలమనాలి, ఆ శరీరం మాట వినాలి. ఇంత జరగడానికి కొందరికి అర నిమిషం కూడా పడుతుంది. మనం ఐదో సెకనులోనే ‘ఇదిగో చూడు, బాగుందా?’ అంటూ ఇంకొకటి చేతిలో పెడితే మొదటిది చెదిరిపోతుంది. మా రిహార్సల్స్‌లో సగం సమయం చేతులు కదపకుండా, ముఖంలో ఆత్రం చూపకుండా ఆగడం నేర్చుకోవడానికే పోతుంది. నటులకు అదే అన్నిటికన్నా కష్టం.

అపోహ: రంగులు, లైట్లు, శబ్దాలు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది.

మొదట్లో మేమూ ఈ పొరపాటు చేశాం. పూలు, గంటలు, బుడగలు, దీపాలు అన్నీ ఒకేసారి తెచ్చాం. ఒక బాబు మోచేత్తో కళ్లు కప్పుకున్నాడు, ప్రదర్శన అయ్యేదాకా తీయలేదు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు ఒకసారికి ఒక్కటే. డప్పు మోగుతుంటే పాట ఉండదు, వాసన వస్తుంటే చీర కదలదు. మెరుపు కోసం మిణుకుమనే లైట్లు వాడము, కొందరికి వాటి వల్ల ఫిట్స్ రావచ్చు. అగరుబత్తి వెలిగించము. వాసన విషయంలో మరీ జాగ్రత్త కావాలి. కళ్లు మూసుకోవచ్చు, వాసనను మూసుకోలేం, గదిలోకి వచ్చిందంటే ఒక పట్టాన పోదు. చూపు లేని పిల్లలకు అవ్వ అంటే ఆమె మట్టిగాజుల చప్పుడే. అందుకే ఆ గాజులు ఇంకెవ్వరూ వేసుకోరు.

అపోహ: ఇదీ ఒక రకం థెరపీ.

1970లలో నెదర్లాండ్స్‌లో స్నూజెలెన్ పేరుతో మొదలైన సెన్సరీ గదులు, అంటే మెత్తని వెలుగు, శబ్దం, స్పర్శలతో సేదతీర్చే గదులు, ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటితో కలిపి చూడటం వల్ల ఈ మాట వస్తుంది. ఫిజియోథెరపీ అంటే నాకు ఎంతో గౌరవం, దానికి ఒక లక్ష్యం ఉంటుంది. మా నాటకానికి ఉన్నది కథ, పాత్ర, తర్వాత ఏమవుతుందోనన్న ఉత్కంఠ. ఏ పిల్లవాడి చెయ్యీ చాచుకోకపోయినా నాటకం జరిగినట్టే. సినిమా చూసి వచ్చిన అన్నను ‘నీకు ఏమి మెరుగుపడింది?’ అని ఎవరూ అడగరు. మా నాటకం చూసిన తమ్ముడినీ అడగకూడదు. సాంస్కృతిక జీవితంలో ఇతరులతో సమానంగా పాలుపంచుకునే హక్కును ప్రభుత్వాలు కాపాడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. పాఠశాలల యాజమాన్యాలతో మాట్లాడేటప్పుడు ఆ సెక్షన్ దగ్గర పెట్టుకుంటాను.

అపోహ: ‘మానసిక వయసు రెండేళ్లే, చిట్టిపొట్టి పాటలు చాలు.’

19 ఏళ్ల యువకుడు 19 వేసవులు చూసినవాడు. గొంతు మారింది, మీసాలు వచ్చాయి, ఇష్టాయిష్టాలు ఏర్పడ్డాయి. అతని ముందు పసిపిల్లలతో మాట్లాడినట్టు ముద్దుమాటలు మాట్లాడటం అవమానం. ఈ కళకు దారి వేసిన బృందాల్లో ఒకటి లండన్‌లోని ఆయిలీ కార్ట్. 1981లో మొదలై, 1980ల చివరి నుంచి స్పెషల్ స్కూళ్ల కోసం నాటకాలు చేస్తోంది. హైడ్రోథెరపీ కొలనుల్లో (నీళ్లలో వ్యాయామం చేయించే చోట), ఎగిరే వల లాంటి ట్రాంపొలిన్ల మీద కూడా ఆడింది. నీళ్లలో తేలడం, గాలిలో ఊగడం కూడా నాటకభాషేనని నేను తెలుసుకున్నది వాళ్ల పని నుంచే. ఇంగ్లాండ్‌లోని నారిచ్ నగరానికి చెందిన ఫ్రోజెన్ లైట్ బృందం పెద్ద వయసువాళ్ల కోసం ఒక లైట్‌హౌస్ చుట్టూ కథ అల్లింది, మామూలు థియేటర్లకే తీసుకెళ్లి ఆడుతుంది. స్కూలు గది దాటి ఊళ్లోని నాటకశాలకు రావడం కూడా ఈ ప్రేక్షకులకు దక్కాల్సిందే.

అపోహ: ఖరీదైన సామగ్రి కావాలి.

అక్కర్లేదు. మూకుడు, చీర, విసనకర్ర, డప్పు చాలు. ఖర్చయ్యేది సమయం. ఆరుగురికి నలుగురు నటులు ఎందుకని అడిగే దాతలకు ఈ సంగతి చెప్పి ఒప్పించడమే కష్టం.

అపోహ: నవ్వితే నచ్చినట్టు, లేకపోతే నచ్చనట్టు.

కొందరికి నచ్చినప్పుడు శరీరమంతా నిశ్చలమవుతుంది. ఎప్పుడూ ఊగే బాబు ఊగడం ఆపుతాడు. మరొకరి విషయంలో అదే నిశ్చలత భయానికి గుర్తు కావచ్చు, ఫిట్స్‌కు ముందు సూచన కూడా కావచ్చు. తేడా తెలిసింది అమ్మకో, ఆయాకో, టీచరుకో. అందుకే ప్రదర్శనకు వారం ముందే ఇంటికి ఒక కాగితం పంపుతాం. ఏ చెవి బాగా వినిపిస్తుంది, దేనికి భయపడతారు, మింగడంలో ఇబ్బంది ఉందా, ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారు అని అడుగుతాం. నాటకం మొదట్లో అవ్వ ఒక్కొక్కరి దగ్గరకు వెళ్లి ఆ ఇంటిపిలుపుతోనే పాట పాడుతుంది. ముఖం తిప్పుకుంటే ‘వద్దు’ అన్నట్టు, వెనక్కి తగ్గుతుంది.

ఈమధ్య ఒక తల్లి ప్రదర్శన అయ్యాక కొడుకు వీల్‌చైర్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ‘అన్నా, ఆ మూకుడు మాకు ఇస్తారా? వాడు అంతసేపు మెలకువగా ఉండటం నేను చూడలేదు’ అంది. ఇచ్చాం. మన్ను పొడిగా ఉంచమని, నీళ్లు బాబు ఎదుటే చిలకరించమని, చిలకరించాక మాట్లాడకుండా కాసేపు ఆగమని చెప్పాం. ‘ఎంతసేపు?’ అని అడిగింది. బాబు చెప్పేదాకా అన్నాను.