చౌరస్తా పక్కన చిన్న పార్కు: అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లోనైనా, హన్మకొండలోనైనా పార్కు డిజైన్ అనగానే ముందు వినిపించే మాట: "నడుమ ఫౌంటెన్ పెట్టండి సార్, చుట్టూ లాన్ వేయండి."

అపోహ: నడుమ ఏదో ఒకటి నిలబెడితేనే అందం.

వాస్తవం: మన దగ్గర నడుమ ఖాళీగా ఉంటేనే పార్కు పనికొస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు బతుకమ్మలను మధ్యలో పెట్టి ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ ఆడతారు. జనం పెరిగేకొద్దీ వలయం పెద్దదవుతుంది. అక్కడ ఫౌంటెన్ తొట్టి ఉంటే ఆట రోడ్డు మీదికి పోవాల్సిందే. నేనైతే 40 అడుగుల వెడల్పు చదునుగా వదిలి, మొరం పోసి దిమ్మిస కొట్టిస్తాను. కూర్చునే జాగా అంచుల్లోనే. వీపు వెనక అండ ఉండి, ఎదురుగా వచ్చేపోయేవాళ్లు కనిపించే చోటే మనిషి కూర్చుంటాడు. చెట్ల చుట్టూ 16-18 అంగుళాల ఎత్తు గట్టు కడితే బెంచీలు పెద్దగా అక్కర్లేదు. గట్టు లోపల మట్టిని మాత్రం మొదలు మీదికి ఎక్కించొద్దు, కాండం కుళ్లుతుంది. ఇక పాలిష్ గ్రానైట్ బెంచీలంటారా, మే నెల మధ్యాహ్నం ఒక్కసారి కూర్చుని చూడండి!

అపోహ: లాన్ ఉంటేనే పచ్చదనం.

వాస్తవం: ఎండాకాలంలో 500 గజాల లాన్‌కు రోజుకు దాదాపు 2,500 లీటర్లు పోయాలి. అంటే రెండు రోజులకో 5,000 లీటర్ల ట్యాంకర్. ఇంతా చేస్తే నీడ ఉండదు. వేప, కానుగ, పొగడ అయితే వేరు పట్టేదాకా చూసుకుంటే చాలు.

అపోహ: 500 గజాల్లో ఏం పార్కు వస్తుంది?

వాస్తవం: న్యూయార్క్‌లో 1967లో తెరిచిన పేలీ పార్క్ 4,200 చదరపు అడుగులే, మన లెక్కలో 470 గజాలు కూడా లేదు. అక్కడ వెనక గోడ మీంచి 20 అడుగుల నీటిధార పడుతుంటే రోడ్డు చప్పుడు దాని హోరులో కలిసిపోతుంది. కుర్చీలు ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు జరుపుకుంటారు. (మన దగ్గర కుర్చీలు తెల్లారేదాకా ఉంటాయా అని అడక్కండి.)

అపోహ: ఎత్తు గోడ, గేటుకు తాళం ఉంటే భద్రం.

వాస్తవం: రోడ్డు మీది నుంచి లోపల కనిపించకపోతే పొద్దుగూకాక ఆడవాళ్లు అడుగుపెట్టరు. తాగేవాళ్లకే అడ్డా అవుతుంది. మోకాలెత్తు గోడ చాలు. చాయ్ బండి, మిర్చి బజ్జీల బండి వద్దని గొడవపడతారు గానీ, పార్కు మీద రాత్రిదాకా కన్నేసి ఉంచేది వాళ్లే. వాళ్లకు ఓ మూల జాగా, నల్లా, చెత్తడబ్బా ప్లాన్‌లోనే చూపించండి. తర్వాత ఎలాగూ వస్తారు, అప్పుడు ఫుట్‌పాత్ మీద పెట్టుకుంటారు.