రెండు చేతుల పిచర్ టోనీ ములేన్: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో శని, ఆదివారాల్లో పిల్లలకి బేస్‌బాల్ పిచింగ్, అంటే బ్యాటర్‌కి బంతి వేయడం, నేర్పిస్తుంటాను. పాత రికార్డులు తిరగేయడం నాకున్న పిచ్చి. వాటి మీద మనవాళ్ళ దగ్గర తరచూ వినే మాటల్లో కొన్నిటికి టోనీ ములేన్ అనే ఒక్క మనిషి కథతోనే జవాబు చెప్పొచ్చు.

అపోహ: విదేశాల్లో పుట్టినవాళ్ళు ఈ ఆటలోకి వచ్చింది మొన్నమొన్ననే.

కాదు. ప్రొఫెషనల్ లీగుల తొలిరోజుల నుంచీ ఉన్నారు. (బేస్‌బాల్‌లో మ్యాచ్ గెలుపోటముల్ని పిచర్ పేరున కూడా రాస్తారు.) 1877 నుంచి వరసగా మూడేళ్ళు, ఏడాదికి నలభై మ్యాచులకి తగ్గకుండా బోస్టన్‌ని గెలిపించిన టామీ బాండ్ ఐర్లండ్‌లోని గ్రానార్డ్‌లో పుట్టాడు. 265 విజయాల జిమ్ మెకార్మిక్ పుట్టింది స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో. ములేన్ 1859లో ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టి, పసితనంలోనే ఇంట్లోవాళ్ళతో పెన్సిల్వేనియాలోని ఈరీ ఊరికి వచ్చేశాడు. 1881లో డెట్రాయిట్ టీముతో మొదలుపెట్టి 1894 దాకా ఆడాడు. 284 గెలుపులు, 220 ఓటములు.

అపోహ: రెండు చేతులతోనూ బంతి వేసిన మొదటి పిచర్ పాట్ వెండిట్.

వెండిట్ మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ పైస్థాయిలో, అడుగుపెట్టింది 2015లో. ములేన్ ఆ పని 1882 జులై 18న, లూయివిల్ తరఫున బాల్టిమోర్ మీద ఆడుతూ చేశాడు. కుడిచేతికి దెబ్బ తగిలినప్పుడు ఎడమచేత్తో వేయడం సాధన చేశాడు. కుడిచెయ్యి బాగయ్యాక రెండూ ఉంచుకున్నాడు. ఎడమచేతి బ్యాటర్ వస్తే ఎడమచేత్తో, కుడిచేతి బ్యాటర్ వస్తే కుడిచేత్తో వేశాడు (తన వైపు చేత్తోనే వచ్చే బంతిని కొట్టడం బ్యాటర్‌కి కష్టం). చివరికి ఆ మ్యాచ్ 9-8తో ఓడిపోయాడనుకోండి.

ఇందులో కిటుకు గ్లవ్ లేకపోవడం. ములేన్ వట్టి చేతులతో ఆడేవాడు. బంతిని రెండు చేతులతో పట్టుకుని బ్యాటర్‌కి ఎదురుగా నిలబడితే, ఏ చెయ్యి కదులుతుందో చివరిదాకా తెలిసేది కాదు. ఇప్పుడు అది కుదరదు. ఏ చేత్తో వేస్తాడో పిచర్ ముందే చూపించాలి, దెబ్బ తగిలితే తప్ప అదే బ్యాటర్‌కి మధ్యలో చెయ్యి మార్చకూడదు. ఈ కథ విన్న పిల్లలు వెంటనే తామూ ప్రయత్నిస్తామంటారు. ముందు ఒక చేత్తో స్ట్రైక్ (బ్యాటర్ కొట్టగల హద్దులో పడే బంతి) వెయ్యరా నాయనా అంటాను.

అపోహ: ఆ రోజుల్లో ఏడాదికి 30 మ్యాచులు గెలవడం నల్లేరు మీద నడక.

1882 నుంచి 84 దాకా, మళ్ళీ 86, 87ల్లో ములేన్ 30కి తగ్గలేదు. ఇప్పటివాళ్ళకి 20 కూడా గగనమే. తేడా ఎక్కడుందో తెలియాలంటే ముందు ఆ కాలం రూల్స్ చూడాలి. 1881 నుంచి పిచర్ 50 అడుగుల దూరంలో, అంటే ఇప్పటికంటే పదడుగుల పైగా దగ్గర్లో, గీసిన పెట్టెలోంచి వేసేవాడు. మొదట్లో భుజం పైనుంచి వేయనిచ్చేవారు కాదు. ఇవి చూసి పిచర్‌కి సుఖమే కదా అనుకోవద్దు. బంతి ఎత్తులో కావాలో కిందుగా కావాలో బ్యాటర్ అడిగి మరీ వేయించుకునేవాడు. ఆ హక్కు 1887లో పోయింది. అన్నిటికంటే ముఖ్యం, టీముకి ఉండేది ఒకరిద్దరు పిచర్లే. 1884లో టొలీడో జట్టు మొత్తం 46 మ్యాచులు గెలిస్తే అందులో 36 ములేన్‌వే. ఆ ఏడాది 567 ఇన్నింగ్స్ (మామూలుగా మ్యాచ్‌కి తొమ్మిది) వేశాడు. నా దగ్గర ఒక పిల్లాడు అందులో పదోవంతు వేసినా వాడి మోచెయ్యి గురించి నాకు నిద్ర పట్టదు.

1893లో దూరం 60 అడుగుల 6 అంగుళాలకి పెంచారు. మరుసటేడు జూన్‌లో బోస్టన్ మీద ఒక్క మొదటి ఇన్నింగ్స్‌లోనే ములేన్ 16 పరుగులిచ్చాడు. అప్పటికి వయసు 35.

అపోహ: అన్నేసి మ్యాచులు గెలిచాడంటే పిచర్‌కీ, బ్యాటర్ వెనక కూర్చుని ఆ బంతి పట్టే క్యాచర్‌కీ బాగా కుదిరిందన్నట్టే.

అదే టొలీడోలో, అదే 1884లో, ములేన్‌కి క్యాచర్ మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్. నల్లజాతి ఆటగాడు. (మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు 1947లో వచ్చిన జాకీ రాబిన్సన్ అనుకునేవాళ్ళు ఇక్కడ ఆగాలి. వాకర్, అతని తమ్ముడు వెల్డీ అంతకు అరవై ఏళ్ళ ముందే ఆడారు. ఆ తర్వాత తలుపులు మూసేశారు.) తను పనిచేసిన క్యాచర్లలో వాకరే మేటి అనీ, అయినా నల్లవాడంటే గిట్టక అతని సైగలు చూడకుండా తోచిన బంతి వేసేవాణ్ణనీ 1919లో ములేన్ తన నోటితోనే చెప్పాడు.

దీని అర్థం పిచింగ్ నేర్పేవాడికి బాగా తెలుస్తుంది. క్యాచర్ వేళ్ళతో సైగ చేసేది తన చెయ్యి ఎక్కడ పెట్టాలో ముందే తెలియడానికి. నేరుగా వస్తుందనుకుని చేతులు చాస్తే బంతి చివర్లో వంపు తిరిగి దిగుతుంది. అది వేలి కొనకి తగిలితే గోరు లేస్తుంది, కణుపు విరుగుతుంది. అప్పటి క్యాచర్లకి ఇప్పటి మందపాటి మిట్ లేదు. వట్టి చేతులు, మహా అయితే పల్చటి తోలు తొడుగు. ఆ సీజన్‌లో వాకర్ దెబ్బలతో చాలా మ్యాచులకి దూరమయ్యాడు. క్యాచర్‌కి అందకుండా గాడితప్పి పోయే వైల్డ్ పిచ్‌ల రికార్డు ఇప్పటికీ ములేన్‌దే, 343. అన్నీ వాకర్ ఉన్నప్పుడు వేసినవి కావు. ఒక్క ఏడాదే కలిసి ఆడారు. కానీ ఆ 36 గెలుపుల గురించి చెప్పేటప్పుడు వాటిని చేతుల్తో ఆపినవాడి పేరు వదిలేయడం నాకు నచ్చదు.

అపోహ: అప్పటివాళ్ళు ఆట మీద ప్రేమతో ఆడేవాళ్ళు, డబ్బు కోసం టీములు మారడం ఇప్పటి జబ్బు.

డబ్బు అప్పుడూ ఉంది, మారే హక్కే లేదు. రిజర్వ్ నిబంధన ప్రకారం ఆటగాడు వచ్చే ఏడాది ఎక్కడ ఆడాలో క్లబ్బే తేల్చేది. ములేన్ దాన్ని ఖాతరు చేయలేదు, అలాగని ఇచ్చిన మాట మీదా నిలబడలేదు. 1884 చివర్లో సెయింట్ లూయిస్‌కి ఒప్పుకుని సిన్సినాటితో సంతకం చేశాడు. ఆ జట్లు ఆడే లీగు అమెరికన్ అసోసియేషన్ అతన్ని 1885 సీజన్ మొత్తం ఆడనివ్వలేదు. 1892లో జీతం కోశారని సిన్సినాటిని మధ్యలో వదిలేసి మోంటానా వెళ్ళి ఆడాడు.

బేస్‌బాల్ మేటి ఆటగాళ్ళని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు దక్కలేదు. అందులోకి దారి అనుకునే 300 విజయాలకి 16 తక్కువయ్యాయి. నిషేధంలో పోయిన ఆ 1885కి ముందు ఏడాది 36, తర్వాతి ఏడాది 33 గెలిచాడు.