ఆల్బర్ట్ ఎవరో తేలినా, ఆ నెల రోజుల మాటేమిటి?

ఒక పసివాడికి కావాలని భయం నేర్పిన పాత మనస్తత్వ ప్రయోగం ఒకటుంది. అందులోని పిల్లాడు, 'లిటిల్ ఆల్బర్ట్', నిజానికి ఎవరన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. ఆ ప్రయోగం చేసింది జాన్ బి. వాట్సన్. మనసులో ఏముందో కాక, బయటికి కనిపించే ప్రవర్తననే చదవాలన్న ప్రవర్తనావాదానికి ఆద్యుడు. నేరుగా అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి, 1919-20 చలికాలానికి వెళ్దాం.

పిల్లాడికి అప్పుడు 11 నెలలు. తల్లి అక్కడి పిల్లల ఆసుపత్రిలో పాలిచ్చే దాది. వాడు తెల్ల ఎలుకను ముట్టుకోబోయిన ప్రతిసారీ వెనక నుంచి ఉక్కు కడ్డీపై సుత్తితో కొట్టారు. వారం తేడాతో రెండు రోజుల్లో 7 సార్లు. ఆ తర్వాత ఎలుకను చూపిస్తే చాలు, ఏడుస్తూ పాకి పారిపోయాడు. మరో ఐదు రోజులకు కుందేలును, కుక్కను, బొచ్చు కోటును చూసినా భయపడ్డాడు.

అసలు మలుపు ఇక్కడే ఉందని నా నమ్మకం. భయం కాలంతో పోతుందా లేదా చూడాలని వాట్సన్, ఆయన సహాయకురాలు రోజలీ రేనర్ నెల రోజులు ఆగారు. పిల్లాడు త్వరలో ఆసుపత్రి వదిలి వెళ్తాడు కాబట్టి అంతకన్నా ఎక్కువ ఆగలేకపోయామని 1920లో వాళ్లే రాశారు. అంటే వెళ్తాడని తెలుసు. నెల తర్వాత చూస్తే భయం కాస్త తగ్గింది కానీ పోలేదు. పిల్లాడు ఆ రోజే వెళ్లిపోయాడు. భయం పోగొట్టే అవకాశం దొరకలేదన్నది వాళ్ల సమాధానం. ఆ నెలను దేనికి వాడాలన్నది మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది.

భయాన్ని పోగొట్టే దారి లేకపోలేదు. 1924లో మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ ఆ దారి చూపించారు. పీటర్ అనే పిల్లాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి, వాడి భయం పోగొట్టారు. ఆ పనికి సలహాదారు వాట్సనే. రేనర్‌తో సంబంధం బయటపడి 1920లోనే ఉద్యోగం పోవడంతో ఆయన అప్పటికే ప్రకటనల కంపెనీలో ఉన్నారు. పిల్లల్ని ముద్దు పెట్టుకోవద్దని, పొద్దున్నే కరచాలనం చాలని 1928లో పుస్తకం రాసిందీ ఆయనే.

ఇక ఆల్బర్ట్ ఎవరన్న వివాదం. ఆల్బర్ట్ మెదడులో నీరు చేరి ఆరేళ్లకే చనిపోయిన ఓ పిల్లాడని 2009లో మనస్తత్వవేత్త హాల్ బెక్ బృందం చెప్పింది. వాడు ఆరోగ్యంగా లేడని వాట్సన్‌కు తెలుసన్న ఆరోపణ 2012లో వచ్చింది. 2014లో మరో మనస్తత్వవేత్త రస్సెల్ పావెల్ బృందం ఆసుపత్రి రికార్డులు తిరగేసి మరో పిల్లాణ్ని చూపింది. అతని పేరులో ఆల్బర్ట్ ఉంది. తల్లి అక్కడి దాదే. తొమ్మిది నెలల నాటి బరువు వాట్సన్ రాసిన 21 పౌండ్లకు చాలా దగ్గర. మొదటి పిల్లాడు అంతకన్నా బాగా తేలిక. వయసు, బరువు, పేరు ఇంతగా కలిశాక రెండో వాదనే నిలుస్తుందనిపిస్తుంది.

ఆ రెండో పిల్లాడు 2007 దాకా, 87 ఏళ్లు బతికాడు. ఆయనకు కుక్కలంటే గిట్టేది కాదని బంధువు ఒకరు చెప్పారు. దానికి ఆ ప్రయోగమే కారణమని పావెల్ బృందం అనలేదు.